గిడియోన్ సారు ఎడమ చెయ్యి

మెదక్‌ల డ్రిల్లు సారంటే గిడియోన్ సారే. మెడల విజిలు, కాళ్లకు కాన్వాసు బూట్లు. చర్చి బడి పిల్లలను గ్రౌండు చుట్టు ఉరికిచ్చుడు ఏమో గని, వాళ్ల కంటే ముంగట తనే ఉరికేటోడు. గట్లాంటి మనిషి ఓనాడు గ్రౌండు నడుమ కండ్లు తిరిగి పడ్డడు. గుండె మరీ మెల్లగ కొట్టుకుంటుందని పట్నం దవాఖానల ఎడమ రొమ్ము మీద, తోలు కింద, పేస్‌మేకర్ పెట్టిండ్రు. "మీరు పని చేస్తుంటే ఇదే గుండె వేగం పెంచుతది. కొన్ని వారాలు ఎడమ చెయ్యి పైకి లేపకుండ్రి" అని చెప్పి పంపిండ్రు.

ఆ కొన్ని వారాలు పెర్సిస్ చేతిల ఏడాదైనయి. ఆయన పెండ్లాం, ప్రేమ జరంత ఎక్కువే ఉన్న మనిషి. మిషన్ నుంచి గుండెకు పోయిన తీగ జారుతదేమో, మిషన్ కదులుతదేమో అని ఒకటే భయం. "చెయ్యి రొమ్ముకు ఆనిచ్చి పెట్టుకో. ఉరికితే నా మీదొట్టు" అన్నది. ఎక్సర్‌సైజు కావాల్నంటే సైకిలు తొక్కుమన్నది. చర్చి గేటు కాడ పెద్దమనుషులది గూడ గదే మాట. బళ్లె హెడ్మాస్టరైతే విజిలు తీసుకొని లైబ్రరీ తాళంచెవి చేతిల పెట్టిండు.

ఇగ చూడుండ్రి ఆయన తిప్పలు! కుర్చీల కూసుంటే కాళ్లు ఊగుతయి. అన్నం నడుమల లేస్తడు, వాకిట్ల నిలబడతడు, మళ్లొచ్చి కూసుంటడు. లైబ్రరీ కిటికీల నుంచి గ్రౌండు కనబడితే పానం గిలగిల కొట్టుకుంటది. పోనీ సైకిలన్న తొక్కుదామంటే, కొత్తగ ఏసిన తారు రోడ్డు ఎక్కంగనే ఆయాసం, కండ్ల ముంగట చీకట్లు. గుంతల రోడ్డు మీద మాత్రం బాగనే పోతడు. గిదేం రోగమో ఆయనకు సమజ్ కాలే. "సైకిలుకే గిట్లైతే ఉరికి బతుకుతవా?" అని పెర్సిస్ ఏడ్సింది. డాక్టరును అడుగుదామంటే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సులు బందు, బళ్లు బందు. ఇగ బతికినన్ని దినాలు ఉరుకుడు లేదా అని గిడియోన్ సారు లోపల్లోపల కుమిలిండు.

సమ్మెలనే ఓ పొద్దున చౌరస్తాల ఆటపాటల ధూంధాం పెట్టిండ్రు. డప్పు మోగింది. తోటి టీచరు దామోదర్ "జై తెలంగాణ" అనుకుంట ఎగురవట్టిండు. గిడియోన్ సారు రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డడు. ఎంతసేపని నిలబడతడు పాపం? చెయ్యి ఇడిసిండు. రెండు చేతులు ఊపుకుంట, భుజాలు ఎగరేసుకుంట మస్తు ఆడిండు. చెమటలు కారినయి గని ఆయాసం రాలే, చీకట్లు రాలే. గుండె దనదన కొట్టుకుంటుంది, ఎనకట ఉరికినప్పటి లెక్కనే!

కూరగాయలకని వచ్చిన పెర్సిస్ సంచి ఆన్నే పడేసి ఉరికొచ్చింది. "అయ్యో ఏసయ్యా! చెయ్యి, చెయ్యి!"

"జర ఆగవే! ఆడుతుంటే పానం ఎంత హాయిగుందో" అన్నడాయన.

సమ్మె అయిపోంగనే ఇద్దరు పట్నం పోయిండ్రు. డాక్టరు అంతా ఇని నెత్తి కొట్టుకున్నడు. "అమ్మా, పై ఒళ్లు కదిలితేనే ఈ మిషన్‌కు మనిషి పని చేస్తుండని తెలుస్తది. నున్నటి రోడ్డు మీద సైకిలు తొక్కితే కుర్చీల కూసున్నడనుకుంటది. గుంతలల్ల ఎగిరితే లేస్తది. మీరేమో చెయ్యి గూడ కదలనియ్యకపోతిరి!" పరీక్షలన్ని చేసిండు, మిషన్‌ను జర సరిచేసిండు. "ముందు నడువుండ్రి, మెల్లమెల్లగ ఉరుకుండ్రి" అన్నడు.

పెర్సిస్ మొగం చిన్నగైంది. కాపాడుతున్ననుకొని కట్టేసింది తనేనాయె. బస్సుల మెదక్ వచ్చేదాక ఆయన ఎడమ చెయ్యి పట్టుకొనే కూసున్నది.

నడక అయింది, మెల్లగ ఉరుకుడు గూడ అలవాటైంది. విజిలు మళ్ల మెడలకొచ్చింది. ఓ పొద్దున గిడియోన్ సారు కొత్త తారు రోడ్డు పట్టిండు. ఎనక సైకిలు మీద పెర్సిస్, ముంగట బుట్టల నీళ్ల బాటిలు. ఏమన్న అయితే పట్టుకోవాల్నని ఆమె తయారుగ ఉన్నది. ఆయన రెండు చేతులు ఊపుకుంట పోతనే ఉన్నడు. ఆమె తొక్కుతుంది, తొక్కుతుంది, అందుతలేడు. ఆఖరికి ఎగపోసుకుంట అరిసింది:

"ఓ సారూ! జర మెల్లగ పో! నా గుండెకు మిషన్ లేదు!"