పచ్చి పీతలతో పులుసు పెట్టాను

బహ్రెయిన్‌లోని అమ్వాజ్ దీవుల్లో ఒక కొరియా కుటుంబం ఇంట్లో పనికి చేరిన కొత్త. మేడమ్ వాళ్ల అమ్మగారు కొరియా నుంచి వచ్చి ఉన్నారు. ఒకరోజు ఇద్దరూ షాపింగ్‌కి వెళ్లగానే ఫ్రిజ్ తుడుస్తుంటే, డబ్బాలో నల్లటి నీళ్లలో పచ్చి పీతలు కనిపించాయి. పాడైపోతాయేమోనని కడిగి, చింతపండు, కారం దట్టించి మా నరసాపురం పులుసు పెట్టేశాను.

మేడమ్ వచ్చి మూత తీసి కెవ్వుమన్నారు. "ఏం చేశావు? వాటిని సోయాసాస్‌లో ఊరబెట్టి పచ్చివే తింటాం! అమ్మ నాకోసం చేసింది!"

"నన్ను ఊరికి పంపేయకండి మేడమ్" అని ఏడ్చేశాను.

ఇంతలో పెద్దావిడ ఒక పీత డిప్ప తీసుకుని, అందులో అన్నం వేసి, పులుసు కలుపుకుని తిన్నారు. అచ్చం మా అమ్మలాగే. సోయాసాస్ వల్ల ఉప్పు ఎక్కువైనా డిప్ప ఖాళీ చేసి, కారానికి ముక్కు తుడుచుకుంటూ వాళ్ల భాషలో ఏదో అన్నారు.

మేడమ్ నవ్వారు. "రేపు మళ్లీ పీతలు తెస్తుందట. సగం తను ఊరబెడుతుందట, సగం నువ్వు వండాలట."

ఆవిడ పేరు పలకడానికి నాకు నోరు తిరగదు. ఇక్కడ సెలవురోజైన శుక్రవారం, మా తెలుగు చర్చి ప్రార్థనలో 'పీతల అమ్మగారు' అనే తలుచుకుంటాను. ఎవరో దేవుడికి తెలుసుగా!