దిగారా అన్న మాట

మా ఆయన వామదేవన్ కేరళలో వైక్కం ఊరి పక్కన కొబ్బరిచెట్లెక్కి కల్లు గీసేవారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పైకెళ్ళి ఎముక ముక్కతో పూగెల చుట్టూ మెల్లగా కొట్టి, కొస చెక్కి, నిండిన కుండ దించుకుని వచ్చేవారు. ఆ టకటక వినబడినంతసేపూ నేను పొయ్యి దగ్గర స్థిమితంగా ఉండేదాన్ని. ఆగితేనే భయం. మా కల్లుగీతవాళ్ళ ఇళ్ళలో చెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్ళు లేని ఇల్లు తక్కువ. అందుకే వంటింట్లోంచి కేకేసేదాన్ని.

"దిగారా?"

"దిగాను."

ఆ మాట చెవిన పడ్డాకే గంజి వడ్డించేదాన్ని. పక్కన పెసలు, కాల్చిన అప్పడం. మా కాపురం మొత్తంలో మేం మాట్లాడుకున్నదాంట్లో సగం ఆ రెండు మాటలే. ఆయన ఒక్కసారి కూడా పడలేదు. "నేను పడితే నీకు అరవడానికి పని ఉండదే, అందుకే పడట్లేదు" అనేవారు.

ముసలితనంలో మతి తప్పింది. పొద్దు వాలితే చెట్టెక్కాలని గోల. పెరట్లో పనసచెట్టు సగం ఎక్కేసిన రోజున మా అబ్బాయి షిబు హడలిపోయి, కన్యాస్త్రీలు నడిపే వృద్ధుల ఆసుపత్రిలో చేర్చాడు. నేను మధ్యాహ్నం బస్సులో వెళ్ళి చీకటి పడకుండా వచ్చేసేదాన్ని.

అక్కడా అదే. సాయంత్రమైతే చెంచాతో మంచం కడ్డీని టకటక కొట్టి, కడ్డీ దాటబోయేవారు. "ఇక్కడ చెట్లు లేవు తాతా, ఇది ఆసుపత్రి" అంటే మీద పడేవారు. బిన్సి అనే పడుచు నర్సు తెలివిగా చెబుదామనుకుంది.

"మీరు పడుకోండి తాతా, మీ చెట్లు ఇవాళ వేరేవాళ్ళు ఎక్కారులే."

గంజిగిన్నె గోడకు తగిలింది. గీత మనిషితో అనే మాటేనా అది! తాను కోతపెట్టిన గెలని ఇంకొకడు తాకితే ఊరుకుంటాడా?

"పెద్ద సిస్టర్ చేతులు కట్టెయ్యమంటున్నారమ్మా. ఏం చెయ్యమంటారు?" అంది బిన్సి, ఏడుపు మొహం పెట్టుకుని.

"ఎక్కొద్దు అనకు. కాసేపు కొట్టుకోనీ. తర్వాత గంజి పట్టుకుని నిలబడి, దిగారా అని అడుగు."

"అంతేనా?"

"అంతే."

ఆ సాయంత్రం అడిగింది. ఆయన వంగి పాదాల వంక చూసుకున్నారు, కింద నేల ఉందో లేదో తేల్చుకుంటున్నట్టు. "దిగాను" అన్నారు. నోరు తెరిచారు. చేతులు కట్టే ఊసు పోయింది.

"మా ఇంట్లో మొగుడు కూడా ఒక్క మాటకి ఇలా వింటేనా!" అని నవ్వింది బిన్సి.

ఒక ఆదివారం షిబు వచ్చి ఇదంతా చూశాడు.

"ఏంటమ్మా ఈ నాటకం? నాన్నేమన్నా చిన్నపిల్లాడా? అందరూ కలిసి అబద్ధాలు!"

"మెల్లగా మాట్లాడరా. తింటున్నారు కదా."

వాడు వినలేదు. మంచం మీద కూర్చుని, ప్రేమగానే, తండ్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, నీ చెట్లు లేవు. రోడ్డు కోసం ఎప్పుడో కొట్టేశారు. నువ్వు ఎక్కడం మానేసి ఏళ్ళయింది. ఇంక ఆ బెంగ పెట్టుకోకు."

ఆయన విన్నారు. మాట మర్చిపోయే ఉంటారు, దాని దెబ్బ మాత్రం పోలేదు. మర్నాడు చెంచా ముట్టుకోలేదు. బిన్సి "దిగారా తాతా?" అంటే, "ఎక్కనివాడు ఏం దిగుతాడు" అని గోడవైపు తిరిగిపోయారు. గంజి చల్లారిపోయింది.

తర్వాత నేనడిగితే ఆ మాటైనా అనలేదు. చెంచా తీసుకుని కడ్డీ మీద నేనే టకటక కొట్టాను. తల తిప్పలేదు.

పెద్ద సిస్టర్ అటుగా వెళ్తూ ఆగింది. "ఎంత నెమ్మదించారో చూశారా! ఇలా ఉంటే ఎంతమందినైనా చూసుకోవచ్చు."

తిండి మానేసేసరికి ముక్కులో గొట్టం వేసి పాలు పోశారు. కర్కాటక మాసం వానల్లో పోయారు.

దహనానికి వచ్చినవాళ్ళంతా అదే మాట. "అదృష్టవంతుడు. ఇన్నేళ్ళు ఎక్కాడు, ఒక్కసారి పడలేదు."

కర్మ అయిన సాయంత్రం షిబు పీట మీద కూర్చున్నాడు.

"ఆఖర్న నాన్న ఎంత ప్రశాంతంగా ఉన్నాడమ్మా! నిజం చెప్పడమే మంచిదైంది."

గంజి వడ్డించాను. పెసలు పక్కన పెట్టాను.

"తిను" అన్నాను.