పళ్లెం అంచున మూడు కుప్పలు

పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా పప్పు ఏరే పని నాది. మొన్న వేసవిలో, విశాఖలో ఉద్యోగం చేసే మా అమ్మాయి నాకు ఊరంతా చూపించి, సాయంత్రం సముద్రం ఎదురుగా మేడ మీదున్న హోటలుకు తీసుకెళ్లింది. జీడిపప్పు పులావు వచ్చింది. దూరాన ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, నేనూ నీళ్ల మీద తేలుతున్నట్టు చూస్తూ ఉండిపోయాను.

"బాగోలేదా మేడమ్?" అని వెయిటర్ అడిగేసరికి కిందికి చూశాను. పళ్లెం అంచున విరగని గుండుపప్పు, సగానికి చీలిన బద్దలు, ముక్కలు మూడు కుప్పలుగా ఉన్నాయి. నా చేతులు వాటి పని అవి చేసేశాయి. పక్క టేబుల్ వాళ్లు నవ్వారు. సిగ్గుతో తల దించుకున్నాను.

అమ్మాయి గుండుపప్పు కుప్పను నా ముందుకు జరిపింది. "ఇన్నాళ్లూ ఇంటికి ముక్కలే తెచ్చీదానివి. ఈయేల గుండు తినమ్మా" అంది.

ఇన్నేళ్లూ నా చేతుల మీదుగా వెళ్లిపోయిన ఆ పప్పు రుచి నాకు ఆ సాయంత్రమే తెలిసింది.