షిఫ్టు అప్పజెప్పడానికి లింబాయత్ దాకా

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తే నాకూ తేలిక. మా మామను కొట్టాను. గట్టిగా కాదు, మోచేతి మీద ఒక్క దెబ్బ. కానీ కొట్టాను. మామ పేరు రాజేశం. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి నలభై ఏళ్ళు మరమగ్గాలు నడిపిన మనిషి. మా వాళ్ళు వాటిని సాంచలంటారు. అల్జీమర్స్ అని డాక్టరు తేల్చి రెండేళ్ళయింది. మా ఆయన సూరత్ శివార్లలోని హజీరాలో క్రేన్ నడుపుతాడు, కంపెనీ క్వార్టర్లో ఉంటాం. లాక్‌డౌన్ నెలల్లో ఆ రెండు గదుల్లో మామా నేనూ పగలంతా ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ గడిపాం. సాయంత్రం ఏడు దాటితే చాలు, ఆయన తలుపు దగ్గర నిలబడి "ఇంకా రాలేదా వాడు?" అని మొదలుపెట్టేవాడు. ఎవరు మామా అంటే చెప్పడు. గొళ్ళెం పట్టుకుని గుంజుతూనే ఉంటాడు, ఒక్కోరోజు రెండు గంటలు. అలాంటి ఒక రోజు నా చెయ్యి లేచింది. మా బావగారు ఫోన్లోనే పరిష్కారం చెప్పేశారు: గదిలో పెట్టి బయట తాళం వెయ్యమని. సిగ్గు విడిచి చెబుతున్నాను, తాళం కొన్నాను కూడా.

దాన్ని వాడకముందు ఒక్క ప్రయత్నం చేద్దామనుకున్నాను. లాక్‌డౌన్‌లో మనవాళ్ళ సమాజం తరఫున బియ్యం పంచినవాళ్ళ దగ్గర భారతక్క నంబరు దొరికింది. ఆమె భర్తకూ ఇదే జబ్బు, కరోనా మొదటి వేవ్‌లో పోయాడు. ఇలాంటి మనుషుల్ని ఇంట్లో పెట్టుకున్న పది పన్నెండు కుటుంబాలను నెలకోసారి ఆదివారం సూరత్ మగ్గాల పేట లింబాయత్‌లోని ఒక చిన్న హాలులో కూర్చోబెడుతుందట. "పొద్దుగాల ఎనిమిదిన్నరకు రా. రాత్రి షిఫ్టు దిగినోళ్ళు గూడ గప్పుడే వస్తరు. ఆయన్ను గూడ తీస్కరా, ఇంట్ల ఇడిసిపెట్టి రాకు," అంది.

రాత్రి కర్ఫ్యూ ఆరింటికి తీసేవాళ్ళు. ఆరూ ఇరవైకి హజీరా రోడ్డు మీద సిటీ బస్సు పట్టుకున్నాం. ఇద్దరికీ కలిపి యాభైలోపే అయింది. సీటు విడిచి సీటు కూర్చోవాలన్న రూలు ఇంకా ఉంది, అంటే మామ కిటికీ దగ్గర, మధ్యలో ఖాళీ సీటు, ఇటు నేను. ఆ ఖాళీ సీటు మీదుగా గంటా పది నిమిషాలు ఆయన మణికట్టు పట్టుకునే కూర్చున్నాను. ఆయన మాస్కు కిందికి లాగుతాడు, నేను పైకి లాగుతాను, ఊరు దగ్గరపడే దాకా మా ఇద్దరి పనీ అదే. స్టేషన్ దగ్గర ఆటోవాడు వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్నాడు. సంగతేంటో అడిగి తెలుసుకుని, "బుఢాపే మే సబ్ భూల్ జాతే హై, బెహన్," అన్నాడు. ముసలితనంలో అందరూ మరిచిపోతారట. గొళ్ళెం తియ్యడం మాత్రం ఒక్కరూ మరిచిపోరు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

నా తప్పు లింబాయత్‌లో దిగగానే జరిగింది. ఎనిమిదికి పదినిమిషాలు తక్కువ. రోగం భయానికి ఆటోవాడు నోట్లు ముట్టుకోనన్నాడు, ఫోన్‌తో కట్టమన్నాడు. కోడ్ స్కాన్ చెయ్యడానికి మామ చెయ్యి వదిలాను. నెట్టు తిరుగుతూ తిరుగుతూ డబ్బు పోయేసరికి అర నిమిషం పట్టిందేమో. తల ఎత్తితే మామ లేడు. అది షిఫ్టు మారే వేళ. రోడ్డు నిండా టిఫిన్ డబ్బాలు పట్టుకున్న మగవాళ్ళు, అందరి ముఖాలకూ మాస్కులే, అందరూ ఒకే వైపు నడుస్తున్నారు. కనిపించినవాళ్ళందరినీ ఆపి అడిగాను. చాయ్ బండాయన మాత్రం "సాంచల దిక్కు పోయిండమ్మా, గుంపుల కలిసి పోయిండు," అని సందులు చూపించాడు. ఒక సందు కాదు, ఆరేడు సందులు. అన్నిట్లోంచీ మగ్గాల మోతే.

మా ఆయనకు ఫోన్ చేశాను. డ్యూటీలో ఫోన్ లాకర్లో ఉంటుందని తెలిసీ చేశాను. తరవాత భారతక్కకు చేశాను. ఏ చొక్కా వేసుకున్నాడని అడుగుతుందనుకున్నాను, అడగలేదు.

"ఏ కార్ఖానల చేసిండు?"

"తెల్వదక్కా."

"నువ్వు కోడలుగ వచ్చి ఎన్నేండ్లాయె?"

"పన్నెండు."

ఆ అంకె చెప్పాక నాకు తల కొట్టేసినట్టయింది. మామ మందులు ఏ పూటకేవో నాకు కంఠతా వచ్చు. ఆయన జీవితమంతా ఎక్కడ పనిచేశాడో తెలియదు.

"తలుపుకాడ లొల్లి చేసేటప్పుడు ఏమేమంటడో చెప్పు."

"ఖాడీ దాటంగనే దిగుత అంటడు. నాలుగో నంబరు బీము ఒడిసింది అంటడు. ఉత్తగనే అంటడక్కా."

"ఉత్తగ కాదు. గదే చిరునామా. ఆడనే ఉండు, వస్తున్న."

భారతక్క స్కూటీ మీద అయిదు నిమిషాల్లో వచ్చింది. మురికి కాలవను ఇక్కడ ఖాడీ అంటారు. బీమంటే సాంచకు పడుగు చుట్టి ఉండే దూలం. వంతెన దాటగానే ఎడమ చేతి సందులో నాలుగు పాత కార్ఖానాలున్నాయట. బండి వెనక కూర్చున్నంతసేపూ నా కళ్ళ ముందు మామ ఎడమ చూపుడు వేలే ఉంది. దాని కొస లేదు, సాంచ తీసుకుంది. అప్పుడు ఆయనకు మతి సరిగ్గా ఉంది, ఇప్పుడు అదీ లేదు.

మూడో కార్ఖానాలో దొరికాడు. గుమ్మంలోంచే కనిపించాడు. మాస్కు గడ్డం కింద ఉంది, నడుస్తున్న సాంచ మీదికి వంగి తెగిన పోగు కోసం చెయ్యి చాపుతున్నాడు. నేను పరుగెత్తబోతే భారతక్క నా భుజం గట్టిగా పట్టుకుని చెవిలో అరిచింది: "ఉరకకు. నిన్ను చూసి ఉలిక్కిపడితే చెయ్యి లోపలికి పోతది." అలాగే నిలబడ్డాను. ఎంతసేపో చెప్పలేను. అవతలి వరసలోంచి ఒక ఒడియా ఆయన చూసి గబగబా వచ్చి పిడి లాగాడు, సాంచ ఆగింది. మామ ఏమీ కంగారు పడలేదు. పోగు కొసలు రెండూ పట్టుకుని, సగం వేలుతోనే ముడి వేశాడు. ఇంట్లో చొక్కా గుండీ పెట్టుకోలేని మనిషి.

దగ్గరికి వెళ్ళి "మామా, పోదాం పా," అన్నాను. నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఎవలమ్మా నువ్వు? షిఫ్టు మీదున్న. వాడు రాందే ఎట్లొస్త?"

అప్పుడు అర్థమైంది నాకు, రోజూ ఆయన తలుపు దగ్గర ఎదురుచూసేది ఎవరి కోసమో. తరవాత భారతక్క వివరంగా చెప్పింది. జోడీదారు, అంటే తరవాతి షిఫ్టు మనిషి, వచ్చి సాంచలు తన చేతిలోకి తీసుకునేదాకా ముందు షిఫ్టు మనిషి కదలడు. ఇద్దరూ బట్ట తడిమి చూసుకుని, లోపాలు చెప్పుకుని విడిపోతారు. మామ రెండేళ్ళుగా మా ఇంట్లో డ్యూటీ దిగకుండా నిలబడి ఉన్నాడన్నమాట. నేనేమో ఎవరూ రారు కూర్చో అని రోజూ కసురుతున్నాను.

భారతక్క ఆ ఒడియా ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుని మామ ఎదుటికి వచ్చాడు. "దాదా, మై ఆ గయా. అబ్ మేరీ పాలీ. ఆప్ ఘర్ జాయియే." పాలీ అంటే ఇక్కడ షిఫ్టు. నేనొచ్చాను, ఇక నా వంతు, మీరు ఇంటికి వెళ్ళండి అని. మామ ఆయన్ను బట్ట దగ్గరికి తీసుకెళ్ళాడు, చేత్తో తడిమి చూపించాడు. "నాలుగో దాంట్ల పోగు తెగుతుంది, జర చూస్కో," అన్నాడు. ఆయన తల ఊపి తనూ తడిమాడు. అంతే, మామ నా వెనక నడిచి వచ్చాడు. నేను చెయ్యి పట్టుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. సందు దాటాక నాకు ఏడుపు ఆగలేదు, మామే ఆగి నాకోసం నిలబడ్డాడు.

హాలులో తొమ్మిదిమంది ఉన్నారు, దూరం దూరంగా వేసిన కుర్చీల్లో. నేను కొట్టానని చెప్పాను. ఎవరూ అయ్యో అనలేదు. ఇద్దరు తల దించుకున్నారు, ఒకామె "నేను గూడ," అంది. ఆమె హజీరా రోడ్డు మీదే, మాకు రెండు స్టాపుల అవతల ఉంటుందట. ఆమె ఇంట్లో అమ్మకు ఈ జబ్బు. భారతక్క మా ఇద్దరినీ జోడీ కట్టింది: బుధవారం మూడు గంటలు ఆమె అమ్మను వెంటబెట్టుకుని మా ఇంట్లో, శుక్రవారం మూడు గంటలు నేను మామను వెంటబెట్టుకుని ఆమె ఇంట్లో; రెండోవాళ్ళకు ఆ పూట సెలవు. పదకొండున్నరకు బయల్దేరాం, ఈసారి ఆటో డబ్బులు ఎక్కకముందే ఫోన్‌తో కట్టేశాను.

ఆ సాయంత్రం ఏడింటికి మామ తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేను వెనక గుమ్మంలోంచి చుట్టి వచ్చి, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటి నుంచి తలుపు తట్టాను. "నేనొచ్చిన. ఇగ నువ్వు పో," అన్నాను. ఆయన కిటికీ పరదా పట్టుకుని నాకు తడిమి చూపించాడు. తడిమాను. వెళ్ళి పడుకున్నాడు. రోజూ ఇంత సులువుగా జరగదు, అబద్ధం చెప్పను. కొన్ని రోజులు నన్ను నమ్మడు, అయినా తాళం మాత్రం ఇప్పుడు మా ఆయన సైకిల్‌కు ఉంది. అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఆ తరవాతి బుధవారం. ఆమె గుమ్మంలో చెప్పులు విడిచి, అమ్మను లోపల కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, "నేనొచ్చిన శ్యామలా, నువ్వు పో," అంది. ఎక్కడికి పోవాలో తెలియక నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒక్కటే సలహా. ఫోటో, ఆధార్, మందుల చీటీ ఎలాగూ పెట్టుకుంటారు. వాటితోపాటు మీ మనిషి పనిచేసిన చోటు, వెళ్ళిన దారి, చేసిన షిఫ్టు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఎవరినీ అడగనక్కర్లేదు. ఈ సాయంత్రం తలుపు దగ్గర ఆయనే చెబుతాడు, వినండి.