గాజుల వదిన కొలత

ఆ రోజుల్ల నా తలకాయే నాకు నోటుబుక్కు. మూడో తరగతి దాటనిదాన్ని, రాసుడంటే చెయ్యికి తిమ్మిరెక్కుతుండె. కానీ కాశిబుగ్గల మా గల్లీ ఆడోళ్ల జాకెట్ల కొలతలు మాత్రం ఒక్కటి మర్చిపోయేదాన్ని కాదు. ఎవరి ఛాతి ఎంత, ఎవరి చెయ్యి ఎంత, ఎవరి ఎడమ భుజం జర కిందికుంటది, మెడ లోతు పెట్టమని ఎవరు చెవుల చెప్పి అత్త ముందట వద్దంటరు, అన్నీ నోటికే. నాకు కుట్టు నేర్పింది మా చిన్నమ్మ (పొద్దున లేస్తే మెడల టేపు ఉండాల్సిందే, అందుకే టేపు చిన్నమ్మ అనేటోళ్లం). ఆమె ఒక్కటే మొత్తుకునేది. "ఎంత యాదికున్నా సరే బిడ్డా, పక్క కుట్ల లోపల రెండు వేళ్ల బట్ట వదులు. మనిషి రాయి కాదు." నేను వదిలేదాన్ని. ఎందుకని మాత్రం ఎన్నడూ అడగలే.

పెండ్లైనంక రెండేండ్లు కుట్టిన, అంతే. తర్వాత పన్నెండేండ్లు మిషన్ ముట్టలే. ఇద్దరు పిల్లలు, వాళ్ల జ్వరాలు, వాళ్ల బడి, నడుమల మా అత్త కాలు విరిగి దవాఖాన చుట్టు తిరుగుడు. మిషన్ మీద ముందుగాల టీవీ పెట్టిండ్రు. టీవీ గోడకెక్కినంక మామిడికాయ తొక్కు జాడీ వచ్చి కూసున్నది. మిషన్ ఏమనలే, నేనూ ఏమనలే. ఒకనాడు ఏటూరునాగారం నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినె, ఆ మిషన్ ఊకెనే పడున్నది గదా, ఆదివారం వచ్చి తీస్కపోతనే." మా ఆయన "ఇద్దాం తియ్, జాగన్న మిగుల్తది" అన్నడు. గప్పుడు నా నోట్లకెళ్లి ఎట్లొచ్చిందో మాట వచ్చింది. "ఇయ్య. నేను మళ్ల కుడత."

మంచంల కూసున్న మా అత్త నవ్వింది, ఆ నవ్వు ఇప్పటికీ యాదికున్నది. "సూదిల దారం ఎక్కుతదా పిల్లా నీకు?" అన్నది. మా ఆయన మధ్యల పడి పంచాయితి తెంపిండు. "ఆదివారం లోపల ఒక్క జాకెట్ కుట్టు. తొడుక్కున్నోళ్లు మంచిగున్నదంటే మిషన్ మనింట్లనే ఉంటది. లేకుంటే చెల్లెకు పోతది."

బుధవారం నాడే గాజుల వదిన వచ్చింది. గల్లీ మూలకు వాళ్లది గాజుల దుకాణం, అప్పట్ల నా దగ్గరనే కుట్టిచ్చుకునేది. శనివారం ములుగుల తమ్ముని పెండ్లి, చేతిల ఆకుపచ్చ పట్టుబట్ట. కొలతకు పాత జాకెట్ ఇయ్యబోతే నేను చెయ్యి అడ్డం పెట్టిన. "అదెందుకు వదినా, నీది నాకు యాదికే ఉన్నది. ఛాతి ముప్పై రెండు, నడుము ఇరవై ఏడు." వదిన మొఖం ఎట్ల వెలిగిందో! "అట్లనే ఉన్నన్నా నేను?" అన్నది. "అట్లనే ఉన్నవ్" అన్న. (కండ్లు కనవడక కాదు. కండ్లు ఒకటి చెప్తున్నయి, తలకాయ ఇంకోటి చెప్తున్నది. తలకాయ మాటనే విన్న. ఇగ ఆమె మాత్రం, కాదు నేను లావైన అని నోరు తెరిచి ఎందుకంటది?)

మూడు దినాలల్ల కుట్టిన. తుప్పు వదిలిచ్చి, నూనె పోసి, రెండు సూదులు ఇరగ్గొట్టి, మొత్తానికి కుట్టిన. శుక్రవారం ఇస్త్రీ చేసి ఇచ్చి, రాజ్యం గెలిచినట్టు తిరిగిన.

శనివారం పొద్దున గల్లీల పెండ్లికి పోయే జీపు ఆగింది, వెనుకనే శాలువ కప్పుకొని గాజుల వదిన ఉరికొచ్చింది. శాలువ తీస్తే ఏమున్నది, ఒక చెయ్యి జాకెట్ల ఇరుక్కున్నది, ఇంకో చెయ్యి బయటనే. "ఎక్కుతలేదు, దిగుతలేదు! జీపు ఆగేటట్టు లేదు, ఏం జెయ్యాలే?" మా అత్త "చెప్పిన గద" అన్నది. మా ఆయన మళ్ల మిషన్ మీద పెడదామని తొక్కు జాడీ పట్టుకొచ్చి పక్కన నిలవడ్డడు. "పట్టు ముడుచుకున్నదేమో వదినా" అన్న, సిగ్గులేకుంట. ఆమెకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. "పట్టు ఏం జేసింది? అట్లనే ఉన్నవ్ అంటివి గదా, మంచిగనిపిచ్చి ఊకున్న."

ఆ మాటతోటి నాకు టేపు చిన్నమ్మ గొంతు వినవడ్డది. జాకెట్ గుంజి తిరగేసి చూసిన. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు, చేతుల సందుల కూడ, బట్ట బుద్ధిగ కూసొని ఉన్నది! నా తలకాయ మర్చిపోయింది గని చేతులు మర్చిపోలే. గప్పుడు టేపు తీసి కొలిచిన. ముప్పై ఆరు. బ్లేడుతోటి కుట్లు విప్పుతాంటే జీపు డ్రైవర్ హారన్ మీద హారన్. మా అత్త మంచంలకెళ్లే కేకేసింది. "ఏందిరా నీ లొల్లి? అక్క లేకుంట పెండ్లికొడుకు పీటల మీద కూసుంటడా? ఆగు జర!" అంటనే బట్ట ఒక కొస తన చేతుల పట్టుకొని "నిమ్మళంగ విప్పు బిడ్డా" అన్నది. పిల్లా కాదు, బిడ్డా.

మిషన్ గడగడ నడిచింది. వదిన తొడుక్కొని రెండు చేతులు పైకి లేపి, ముందుకు వెనుకకు ఊపి, ఊపిరి నిండ పీల్చి చూసింది. పాత కుట్టు గీతలు సన్నగ కనవడ్డయి గని చంక కిందనే, పైట కప్పేసింది. "మంచిగున్నదా అక్కా?" అని మా ఆయన అడిగిండు, జాడీ ఇంక చేతులనే ఉన్నది. "సక్కగున్నది తమ్మీ" అని జీపెక్కింది. ఆయన జాడీ తీస్కపోయి వంటింట్ల పెట్టిండు. ఆదివారం వచ్చిన ఆడబిడ్డను రెండు దినాలు ఆపుకొని, రెండు జాకెట్లు కుట్టి ఇచ్చి పంపిన, మిషన్ మాత్రం ఇయ్యలే.

గిది జరిగి ఆరేండ్లాయె. ఇప్పుడు నా దగ్గర నిజం నోటుబుక్కున్నది. పేర్లు రాయరాదు గనుక బొమ్మలేస్త, గాజుల వదినకు గాజు బొమ్మ. పోయిన నెల కొలిచినోళ్లనైనా మళ్ల నిలవెట్టి కొలుస్త. "యాదికి లేదా అక్కా?" అంటే, "ఉన్నది, అయినా జర నిలవడు" అంట నేను.

మొన్న బట్టల సందుగ సదురుతాంటే నా పెండ్లికి ముందటి జాకెట్ ఒకటి దొరికింది. తొడుక్కుందామని చూస్తే మోచెయ్యి దాటలే. తిరగేస్తే లోపల రెండు వేళ్ల బట్ట అట్లనే ఉన్నది. బ్లేడు చేతిలనే ఉన్నది, విప్పుదామా అనుకున్న. మళ్ల నవ్వొచ్చింది. లోకంల అందరూ తన తలకాయలున్న కొలతకే ఆగిపోయిన్రనుకున్న ఆ పిల్లను, అప్పటి నన్ను, ఎందుకు కదిలిచ్చుడు? ఆమె కొలత ఆమెకే ఉండనీ అని మడతవెట్టి సందుగల పెట్టేసిన.