నేను టైపు చేయని పేజీ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మాది వికారాబాద్ దగ్గర పల్లె. నాన్న ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. మేం క్రైస్తవులం. చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని, మధ్యలో లేచి తిరగరని మా పాస్టరు చెప్పేవాడు. నేను ఆ మాట నమ్మాను. ఊళ్లో అందరూ భయపడే చింతతోపులోకి ఒక్కదాన్నే పోయి చింతకాయలు ఏరుకొచ్చేదాన్ని.

అందుకని దీన్ని దయ్యం కథ అనకండి. ఒక కాగితం గురించి చెబుతున్నాను. అరవైల మొదట్లో, తాండూరులో జరిగింది. తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి చదివాను, అక్కడే టైపు నేర్చుకున్నాను. తాండూరులో బండలు తీసే ఒక కంపెనీలో టైపిస్టుగా చేరాను. ఆఫీసు మొత్తానికి ఆడమనిషిని నేనొక్కదాన్నే. మా మేనేజరు గోపాల్‌రావు. మాట్లాడమంటే గంటసేపు మాట్లాడగలడు, నాలుగు వాక్యాలు రాయమంటే చెమటలు పట్టేవి. ఏడాది తిరిగేసరికి కంపెనీ దరఖాస్తులు, నివేదికలు, ప్రతిపాదనలు అన్నీ నా మీద పడ్డాయి. రాత నాది, సంతకం ఆయనది.

ఆ పని నాకు ఇష్టం. దాచుకోవడం ఎందుకు, అందులో నాకు గర్వం కూడా ఉండేది. ముందు సంగతులన్నీ సేకరించేదాన్ని. ఒక్కో శీర్షికకు ఒక్కో తెల్లకాగితం పెట్టి, దాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒకవైపు చూసింది, రెండోవైపు విన్నది రాసుకునేదాన్ని. విన్నదాని కింద ఎవరు చెప్పారో తప్పకుండా ఉండాలి. అన్నీ ఒక వరుసకు వచ్చాకే నివేదిక మొదలుపెట్టేదాన్ని. రాసింది ఎవరైనా ప్రశ్నిస్తే ఆధారం చూపించగలగాలని నా పట్టుదల.

ఒక ఎండాకాలం కంపెనీకి కొత్త గని లీజు కావాల్సి వచ్చింది. ఎప్పుడో మూతపడిన మా కంపెనీ పాత గనిని ఆనుకుని ఉన్న భూమి అది. వికారాబాద్‌లోని సర్కారు ఆఫీసుకు ప్రతిపాదన పంపాలి. రాయి ఎంత లోతున ఉంది, నీళ్లు ఎటు పోతాయి, ఎంతమందికి పని దొరుకుతుంది, ఎవరికైనా ప్రమాదం ఉందా, ఇవన్నీ అందులో ఉండాలి.

స్థలం చూడటానికి మేస్త్రీ భీమప్ప వెంట పోయాను. పట్టపగలు. నిప్పులు చెరిగే ఎండ. పాత గనిలో నేలంతా బీటలు వారి ఉంది, తూర్పు గోడ మాత్రం తడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. అరచేతికి తడి అంటింది.

"ఇక్కడెప్పుడన్నా ప్రమాదం జరిగిందా?" అని అడిగాను.

"ఏం గాలేదమ్మా. నీళ్లొస్తున్నయని బందువెట్టిండ్రు" అన్నాడు భీమప్ప. నా వైపు చూడకుండా బీడీ ముట్టించుకున్నాడు.

అతను నీళ్లు తాగడానికి పక్కకు పోయినప్పుడు, గొర్లు మేపుకుంటున్న మల్లయ్య అనే పెద్దమనిషి నా దగ్గరికొచ్చాడు.

"గా గోడ ఎప్పుడు తడే ఉంటది బిడ్డా. లోపల ఊట ఉన్నది. ఓ ఆడమనిషి మీద వడ్డది. ఆడికాడనే పానం పోయింది."

"ఎవరామె?"

"మాది వేరే ఊరు. పేరు ఎరుక లేదు. సచ్చిపోయిందని మాత్రం ఎరుక."

చూసినవైపు గోడ తడి అని రాసుకున్నాను. విన్నవైపు ఒక కూలి స్త్రీ మరణం, పేరు తెలియదు, చెప్పినవాడు మల్లయ్య అని రాసుకున్నాను. నివేదికలో ప్రమాదాలు అని ఒక శీర్షిక పెట్టి రెండూ చేర్చాను.

గోపాల్‌రావు ఆకుపచ్చ సిరాతో ఆ శీర్షిక మొత్తం కొట్టేశాడు.

"గొర్లు కాసెటోని మాట పట్టుకోని లీజు పోగొడ్తవా?"

"గోడ తడి నేనే చూశాను సార్."

"నిన్ను జాగ చూడమన్న, గోడ గాదు. ఆమె సచ్చినట్టు ఠాణల కాగితం ఉన్నదా? మన ఆఫీసుల ఉన్నదా? లేదు గదా. అయితే ప్రమాదం జరిగిన దాఖలా లేదని రాయి. గది అబద్ధమెట్లయితది?"

 నిజమే, దాఖలా లేదు. ఉండకుండా చూసుకున్నది వీళ్లే. మనిషిని బండల కింద వదిలేసి, కాగితం లేదు కాబట్టి చావు లేదంటున్నారు. దాన్ని మంచి ఇంగ్లీషులో పెట్టడానికి నన్ను కూర్చోబెట్టారు.

"నీ రాత మంచిగుంటదని నౌకరిచ్చిన. నీ సలహా ఎవలు అడిగిండ్రు?" అన్నాడు.

నా జీతంతో మా చెల్లెలు హాస్టల్లో చదువుతోంది. నేను పోయి టైపు మిషన్ ముందు కూర్చున్నాను. ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. "ప్రమాదం జరిగిన దాఖలా లేదు" అన్న వాక్యాన్ని ఈ చేతులతో నేనే టైపు చేశాను. ఎవరూ నా వేళ్లు పట్టుకుని కొట్టించలేదు.

రెండు కార్బన్లు పెట్టి మూడు ప్రతులు తీశాను. పన్నెండు పేజీలు. మర్నాడు పొద్దున గోపాల్‌రావు నా ముందే అసలు ప్రతిలో ప్రతి పేజీ కింద ఆకుపచ్చ సిరాతో పొట్టి సంతకం పెట్టాడు. నేనే లెక్కపెట్టి, పన్నెండు పేజీలని పై ఉత్తరంలో రాసి, దారం కట్టి, కవర్లో పెట్టి లక్క ముద్ర వేశాను. కార్బన్ ప్రతులు ఒకటి ఫైల్లోకి, ఒకటి ఆయన బీరువాలోకి పోయాయి. గంట తర్వాత ప్యాసింజరెక్కాను. వికారాబాద్ దాకా ఆ కవరు నా ఒళ్లోనే ఉంది. నిద్రపోలేదు, ఎవరి చేతికీ ఇవ్వలేదు.

అక్కడి ఆఫీసరు పెద్దవయసాయన. నా ముందే ముద్ర పగలగొట్టి, కళ్లద్దాలు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు. వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు. తర్వాత పేజీలు లెక్కపెట్టాడు.

"బేటీ, మీ లెటర్ల పన్నెండు పేజీలని ఉన్నది. గీడ పదమూడున్నయి."

ఎనిమిదో పేజీ నా వైపు తిప్పాడు. పైన ప్రమాదాలు అని శీర్షిక. కొట్టింది మా ఆఫీసు మిషనే. అందులో ఒక అక్షరానికి తోక సరిగ్గా పడదు, ఈ పేజీలోనూ పడలేదు. కింద గోపాల్‌రావు ఆకుపచ్చ సంతకం ఉంది. మిగతా పేజీల అంకెలు ఒక్కొక్కటి ముందుకు జరిగి ఉన్నాయి. దాఖలా లేదన్న నా వాక్యం ఎక్కడా లేదు.

ఆ పేజీలో ఉన్నదాన్ని తెలుగులో చెబుతాను. "పాత గని తూర్పు గోడలో ఊట ఉన్నది. ఆ గోడ కూలినందున కావలి బాలమ్మ అను కూలి స్త్రీ మరణించినది. గోడ చెమరుస్తున్నదని ఆమె మేస్త్రీ భీమప్పకు మూడుసార్లు తెలిపినది. నువ్వు దిగకుంటే నీ కూతురిని దింపుతానని అతడు బదులిచ్చినందున ఆమె దిగినది. కొత్త గనిలో కూలీలు ఇదే గోడ కింద పనిచేయవలసి ఉండును."

దాని కింద, నేను ఎప్పుడూ పెట్టేచోటనే, ఆధారం అని ఉంది. ఎదురుగా "కావలి బాలమ్మ" అని ఉంది.

ఆఫీసరు నన్నే చూస్తున్నాడు.

"బాలమ్మ సచ్చిందని నువ్వే రాసినవు. చెప్పింది బాలమ్మనే అని రాసినవు. గదెట్ల?"

 ఆ పేరు నేను అప్పుడే మొదటిసారి చూస్తున్నాను.

"గీ పేజీ నువ్వు రాసిందేనా?" అని అడిగాడు.

కాదంటే సరిపోయేది. పొరపాటున కలిసిందని చెప్పి, ఆ కాగితం తీసుకుని, మధ్యాహ్నం బండికి తాండూరు పోయేదాన్ని. ఉద్యోగం నిలిచేది. కానీ మూడుసార్లు తెలిపినది అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మూడుసార్లు చెప్పిందట. భీమప్ప మీద, గోపాల్‌రావు మీద, అన్నిటికంటే నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

"నేనే రాశాను సార్. ఆధారం దగ్గర పేరు ఎట్లా పడిందో తెలియదు. మిగతాది భీమప్పను పిలిచి అడగండి. గోడ మీరే వచ్చి చూడండి."

 ఆయన కాగితం అంచున ఏదో రాసుకుని, నన్ను పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున జరిగింది నేనే గోపాల్‌రావుకు చెప్పాను. ఆయన ఊగిపోయాడు. ఫైలు తీశాడు. కార్బన్ ప్రతిలో పన్నెండే పేజీలు. బీరువాలో ఉన్నదాంట్లోనూ పన్నెండే. రెండింటిలోనూ ప్రమాదం జరిగిన దాఖలా లేదనే ఉంది. టైపు తెలిసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పైకాగితం మీద ఏది పడితే కార్బన్ కింద అదే పడుతుంది.

"దొంగతనంగ ఓ పేజీ కొట్టి నడుమల వెట్టి నాతోని సంతకం చేయించినవ్!" అని అరిచాడు.

"మరి ఆమె పేరు నాకెవరు చెప్పారు సార్? మీకు తెలుసా ఆ పేరు?"

ఆయన ఫైలు టప్పున మూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు ఆ పేరు తెలుసని అప్పుడే అర్థమైంది. ఆ రోజే నన్ను ఉద్యోగంలోంచి తీసేశాడు.

తిన్నగా భీమప్ప దగ్గరికి పోయాను. మధ్యాహ్నం, కూలీలు సద్ది తింటున్నారు. అతన్ని పక్కకు పిలిచి, ఆ పేజీలో ఉన్నదంతా గుర్తున్నంత మటుకు చెప్పాను. కూతురి మాట వచ్చేసరికి అతను బండల గుట్ట మీద కూలబడ్డాడు.

"గా మాట నీకెవలు చెప్పిండ్రమ్మా? గప్పుడు మేమిద్దరమే ఉంటిమి. నేను, ఆమె."

"ఎందుకట్లా అన్నావు?"

"పైవాళ్లు తొందర వెట్టిండ్రు. బండలు ఆ దినమే లారీకెక్కాలన్నరు. ఊకె బెదిరించిన, గంతే. గోడ వడ్తదని నాకేమెరుక?"

"ఆమె చెప్పింది కదా! మూడుసార్లు చెప్పింది కదా!" అని అరిచాను. తింటున్న కూలీలంతా ఇటు తిరిగారు.

అతను తలపాగా తీసి మొహం మీద పెట్టుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇన్నేళ్లయినా కలగలేదు. వచ్చేముందు ఒకటే అడిగాను, ఆమెకు చదువొచ్చా అని. "సదువేందమ్మా, ఏలిముద్రనే" అన్నాడు.

తర్వాత ఆఫీసరు వచ్చి గోడ చూసి పోయాడట. అక్కడ లీజు ఇవ్వలేదు. రెండు వానాకాలాల తర్వాత ఆ గోడ కొసనుంచి కొసదాకా కూలిపోయిందని మల్లయ్య ఒకసారి బజారులో కలిసి చెప్పాడు. కింద ఎవరూ లేరు. బాలమ్మ చావుకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. గోపాల్‌రావు మేనేజరుగానే రిటైరయ్యాడు. నాకు వికారాబాద్‌లో ఒక బడి ఆఫీసులో పని దొరికింది.

నేను పెళ్లాడిన మనిషి సైన్సు మాస్టరు. విన్నప్పుడల్లా ఒకటే మాట అంటాడు. ఆ కోపంలో నువ్వే టైపు చేసి ఉంటావు, తర్వాత మరిచిపోయి ఉంటావు, పేరు కూలీలెవరో అనుకుంటుంటే చెవిన పడి ఉంటుంది అంటాడు. తెలిసినవాళ్లు కూడా అదే అంటారు. అంటూ నన్ను ధైర్యవంతురాలని మెచ్చుకుంటారు.

ఆ మెచ్చుకోలు నాకు అక్కర్లేదు. నేనే చేసి ఉంటే ఎంత బాగుండేది! చెయ్యలేదు. నేను చేసింది ఏమిటో ఆ కార్బన్ ప్రతుల్లో పన్నెండు పేజీలుగా ఉంది. ఎనిమిదో పేజీ ఎట్లా వచ్చిందో, ఎవరు కొట్టారో, దాని కింద ఆ సంతకం ఎట్లా పడిందో ఈ రోజుకీ నాకు తెలియదు. తెలిసింది ఒకటే. చదువొచ్చినవాళ్లం, ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసిన నాతో సహా, రాయాల్సినవాళ్లం ఎవరమూ రాయలేదు. వేలిముద్ర మనిషి మాటను మేం రాసి ఉంటే, ఆ కాగితం ఆ కవర్లోకి అట్లా రావాల్సిన అవసరమే ఉండేది కాదు.