పేరు మిగలని తాత, మా మనీలా ఆంటీ

మనీలా ఆంటీ పోయారని మంగళవారం పొద్దున్న ఆవిడ కొడుకు ఫోన్ చేశాడు. ఢిల్లీ సాకేత్‌లో కొత్త మాల్ పక్కన మా ఆఫీసు. మెట్లెక్కుతున్నదాన్ని అక్కడే కూర్చున్నాను. జబ్బు ముదిరిందని తెలిసినా ఏడుపు ఆగలేదు.

నా చిన్నప్పుడు సరోజినీ నగర్ క్వార్టర్లలో మా పక్కింటావిడ. ఫిలిప్పీన్స్ మనిషి. అంకుల్ వరి పరిశోధనలో శిక్షణకని వెళ్ళి, అక్కడే పెళ్ళి చేసుకుని తీసుకొచ్చారు. ఆంటీ అత్తగారి దగ్గర నేర్చుకున్న గోదావరి తెలుగు మాట్లాడేవారు. బేరానికి దిగితే మాత్రం హిందీయే. అమ్మ ఊరెళ్ళినప్పుడల్లా నాకు అన్నం పెట్టింది ఆవిడే. కూరగాయల కత్తిని పని కాగానే కడిగి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇదేం చాదస్తమని ఒకసారి నవ్వాను.

"మా తాత కత్తి పట్టుకునే పోయాడే," అన్నారు.

మనీలా పక్కన శాన్ హువాన్‌లో స్పెయిన్ వాళ్ళ మందుగుండు గిడ్డంగి ఉండేదట. 1896లో, స్పెయిన్ పాలన మీద తిరుగుబాటు మొదలైన కొత్తలో జనం దాని మీద పడ్డారు. చేతుల్లో ఉన్నవి చాలావరకు కత్తులే. ఆ మందుగుండు దొరికితే చాలని ఆశ. ఈలోగా తుపాకులతో స్పెయిన్ పటాలం దిగింది. ఇంకేముంది, ఊచకోత.

"పటాలం వాళ్ళు తాత శవాన్ని తెచ్చి మా నాన్నమ్మ గుమ్మంలో పడేశారు. నీ మొగుడేనా అని అడిగారు. అవునంటే పిల్లల్నీ వదలరు. చంకలో మా నాన్న. ఎవరో నాకు తెలీదందిట. ఏడవను కూడా లేదే. ఆ తర్వాత తాత పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు."

ఈ కథ వినకముందు, నేను పరీక్ష తప్పి ముఖం దాచుకున్నప్పుడు, "ఏడుపొస్తే ఏడ్చెయ్యవే, దాచుకోకు," అన్నది ఈవిడే. ఆ మాట వెనక ఎంత ఉందో అప్పుడు నాకేం తెలుసు!

అంకుల్ పోయాక ఆంటీ ఢిల్లీలోనే ద్వారకలో కొడుకు దగ్గరికి మారారు. నిరుడు మహాలయ పక్షాల్లో ఆ అబ్బాయి తర్పణాలు వదులుతుంటే నేనూ వెళ్ళాను. పంతులుగారు తల్లి వైపు పెద్దల దాకా వచ్చారు.

"అమ్మగారి తాతగారి పేరు?"

"మమ్మీ, నామ్ క్యా థా?" అన్నాడు కొడుకు.

"మా ఇంట్లో ఎవరూ ఆ పేరు నాకు చెప్పలేదురా," అన్నారు ఆంటీ.

"పర్వాలేదమ్మా. ఎవరో తెలియనివాళ్ళ కింద వదిలేద్దాం, దానికీ మంత్రముంది." పంతులుగారు మంచికే అన్నారు.

"వద్దండీ!" ఆంటీ గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. "ఎవరో తెలీదని మా నాన్నమ్మ అంది. పిల్లల కోసం అంది. నేనెందుకంటాను? ఆయన మా తాత."

పంతులుగారు తలూపి మంత్రం అందుకున్నారు. పేరు పలకాల్సిన చోట ఆగారు. కొడుకు అరచేతిలో నువ్వులు, నీళ్ళు. ఆంటీ పళ్ళెం మీదికి వంగి, తన భాషలో "తాతా" అని పిలిచారు. తలుపు బయట నిలబడ్డవాళ్ళని లోపలికి రమ్మన్నట్టు పిలిచారు.